ఓడ కడుపులో చప్పుడు

ఏటి ఒడ్డున ఆ యార్డులో ఎన్ని ఓడలు పుట్టినా, పాత ఇసుకతోడే ఓడకొచ్చినంత చెడ్డపేరు దేనికీ రాలేదు. చెక్క ఓడలు పోయి రివిట్లవి వచ్చాయి, రివిట్లు పోయి వెల్డింగు వచ్చింది. ఆ ముసలిది మాత్రం ఏటా మరమ్మతుకి గట్టెక్కేది. చీకటి పడితే దాని అడుగు అరలోంచి టక్... టక్... అని చప్పుడు. దాన్ని కట్టేటప్పుడు రివిట్లు కొట్టేవాడొకడు ఆ అరలో చిక్కి చచ్చాడట. అప్పట్నుంచీ వాడే కొడుతున్నాడట.

ఏ ఓడకైనా అర మూత బిగించేముందు మేస్త్రీ రేకుమీద సుత్తితో కొట్టి, లోపల్నుంచి జవాబొస్తుందేమోనని చెవి ఒగ్గాలి. ఈ ఓడకి మాత్రం ఆ ఆనవాయితీ లేదు. దెయ్యాన్ని పిలిచి పీట వేసేదెవరు?

ఆ సాయంత్రం మేస్త్రీ కోడలు లోపలే ఉంది. తుప్పు గీకి రంగులేయడం ఆమె పని. ఓ మూల నడుం వాల్చింది — రంగు వాసనకి కళ్ళు మూతలు పడ్డాయి. లేచేసరికి... చీకటి. పైన మూత బిగిసిపోయింది.

చేతిలోని ఇనపబద్దతో కొట్టింది. టక్... టక్...

బయట అడుగులు ఆగాయి.

"విన్నావా నాన్నా?" మరిది గొంతు.

"వినలేదు. నువ్వూ వినలేదు." మామగారు కసిరాడు.

ఆమె అరిచింది. ఆ ఇనుములో మాట మాటగా బయటికి పోదు — మూలుగై పోతుంది. ఒక జత కాళ్ళు పరుగందుకున్నాయి. రెండో జత కదల్లేదు. మామగారివి పరుగెత్తే మోకాళ్ళు కావు.

"బతికుండగానే దెయ్యాన్ని చేశారు, మీ దుంపతెగ," అనుకుంది. కూర్చుంటే తల తగులుతోంది. కాళ్ళు చాపితే గోడ. రంగు వాసన గొంతు పట్టుకుంది. కొడితే పారిపోతున్నారు... కొట్టకపోతే చస్తుంది.

కొట్టడం మానేసింది. బద్ద తిప్పి, రోజూ చేసే పనే చేసింది. గర్ర్... గర్ర్... తుప్పు గీకింది.

రెండో జత కాళ్ళు దగ్గరికి జరిగాయి. కాసేపటికి మూత పక్కనే మామగారి గొంతు —

"వాడు కొడతాడు గానీ... గీకడే."

బోల్టులు ఒక్కొక్కటే కదిలాయి.

బయటపడి, మట్టిలో కూలబడి, గాలిని నీళ్ళలా తాగింది. మామగారు చెంబు అందించాడు.

"ఇంటికెళ్ళిపోయావనుకున్నానమ్మా. లోపల మనిషే లేనప్పుడు, కొట్టేది వాడే అనుకోమూ?"

చెంబు ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది.

"మామయ్యా... వాడు కొట్టడం ఎప్పుడు మొదలెట్టాడు?"

"వాడు చిక్కిన రాత్రే. అందరూ పైకొచ్చేశారని మూత బిగించేశాడు మా నాన్న. తీరా చూస్తే రాత్రంతా టక్... టక్... దడుచుకుని ఒక్కడూ దగ్గరికి పోలేదు."

"మూత ఎప్పుడు తీశారు?"

"తెల్లారాక."

ముసలాయన ఓడకేసి చూడలేదు. ఆమెకేసీ చూడలేదు.

"ఒళ్ళింకా... వెచ్చగానే ఉందమ్మా."