ఒకే మొఖం

నాచారంల మా యూనివర్సిటీ బొమ్మల గోదాముకు మంచి పేరు లేదు. పొద్దుగూకినంక కిటికీ కాడ ఒక ఆడమనిషి నిలబడి లోపలికి చూస్తదంటరు... పిలిస్తే కనిపించదంటరు.

వాచ్‌మన్ రాజయ్య ఈ సంగతి చెప్తే నేను నవ్విన. ఉప్పల్‌ల మెట్రో దిగి వచ్చేటోన్ని, కంప్యూటర్ చదువుకున్నోన్ని, నాకు దెయ్యాలేందన్న. విద్యార్థులు ఏండ్ల సంది వేసిన బొమ్మలకు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌ల పెట్టుడు నా పని — ఎవలైనా వెతికి చూసుకునేటట్టు.

ఆ సాయంత్రం పని తెగలేదు. చీకటి పడ్డది.

ఒక బొమ్మ మీద గుడ్డ తీసిన. పడుచుపిల్ల. ముక్కుపుడక, కనుబొమ్మ మీద చిన్న గాటు.

ఇంకోటి తీసిన. గీసినోళ్లు వేరే, రంగులు వేరే — అదే మొఖం. అదే గాటు.

గుడ్డలు తీసినకొద్ది ఆమెకు వయసు పెరుగుతున్నది... జుట్టు నెరుస్తున్నది. చూపు మాత్రం నా మీదనే. ఏ దేవునికి మొక్కాల్నో కూడ నాకు యాదికి రాలే.

వెనక్కి తిరిగిన.

కిటికీ అవతల — అదే మొఖం. ఇంకింత ముసలిది.

ధైర్యంగ నిలబడ్డనని ఇంట్ల చెప్పుకున్న. నిజానికి కెమెరా స్టాండు కాలికి తట్టి, ఒక పెద్ద బొమ్మ వెనుక దూరి, కెమెరా సంచి నెత్తిన పెట్టుకున్న.

"బిడ్డా," గుసగుసగ అన్నదామె, "జర ఆ లైటు ఆర్పకు."

దెయ్యానికి లైటెందుకని అప్పుడు తట్టింది. మెల్లగ తలుపు తీసిన.

ఆమె పేరు లక్ష్మీనర్సమ్మ. వెనుక బస్తీలనే ఉంటది. పడుచునాటి సంది బొమ్మల క్లాసుల పిల్లల ముంగట కూసునేది, వాళ్లు చూసి గీసుకునేతందుకు. గీసినంక బొమ్మ ఎట్లొచ్చిందో ఎవరూ చూపించలేదంట. అందుకే లోపల లైటు కనబడ్డప్పుడల్లా వచ్చి తొంగి చూసేది. ఎవలన్నా పిలిస్తే భయపడి ఉరికేది. నా అంత భయం మాత్రం ఆమెకు లేదు.

మా వెబ్‌సైట్‌ల గీసినోని పేరుకు జాగ ఉన్నది, కూసున్నామె పేరుకు లేదు. నేనే ఒకటి పెట్టి ఆమె పేరు రాసిన. బొమ్మలన్నీ ఎక్కినంక వాళ్లింటికి పోయి, ఫోన్ల ఆ పేరు కొట్టి చూపించిన. పడుచుతనం సంది ముసలితనం దాకా వరుసగ వచ్చినయి.

వేలుతోని జరుపుకుంట పోయి, ఆమె ఒక్కకాడ ఆగింది. ఆ బొమ్మల ఆమె ఒడిల పసిపిల్ల.

నేనింకా నా పని గొప్పలు చెప్పుకుంటనే ఉన్న. ఆమె ఇనలేదు. ఫోను మొఖం దగ్గరికి తెచ్చుకున్నది.

"మా సంతోషి," అన్నది. "పానం పోయిన్నాడు గోడకు పెట్టుకుందమంటే... ఒక్క ఫొటో లేకుండె."