సముద్రం దాటిన జిడ్డు

దొంగ బేరింగుల కేసులో ఉన్న ఒక్కగానొక్క సాక్షి ఫోర్క్‌లిఫ్ట్ కింద పడి చచ్చిపోయాడు. ప్రమాదమట! నమ్మడానికి మనమేమన్నా చెవుల్లో పువ్వులు పెట్టుకున్నామా?

“కూర్చో, పిచ్చుకా,” అన్నాడు చీఫ్. ఎక్కడ వాలినా ఎవరి కంటా పడడని తన సీక్రెట్ ఏజెంట్‌కి ఆయన పెట్టుకున్న పేరది.

“ఒక విదేశీ ముఠా మన మార్కెట్లోకి కారుచౌకగా బేరింగులు దింపేది. యాంటీ డంపింగ్ సుంకం వేసి ఆపాం. ఇప్పుడదే సరుకుని మూడో దేశానికి చేర్చి, అక్కడి ఫ్యాక్టరీలో తయారైందని ముద్రేసి, వాణిజ్య ఒప్పందం అడ్డం పెట్టుకుని సుంకం లేకుండా పంపుతోంది. రేపు మన తనిఖీ అధికారి ఆ ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. ఆయన సరేనని సంతకం పెట్టాడో, ఇక్కడ మిగిలిన కార్ఖానాలూ మూతబడతాయి.”

పిచ్చుకకి తన బావ గుర్తొచ్చాడు. ఆయన పనిచేసిన కార్ఖానా అలాగే మూతబడింది. ఎక్కడో విదేశీ కంపెనీలో పని దొరికిందని బావ ఈమధ్యే విమానమెక్కాడు. హమ్మయ్య అనుకుంది అక్క.

మర్నాడు పెట్టుడు మీసం, కెమెరా కళ్ళజోడు తగిలించుకుని, దుభాషి వేషంలో అధికారి వెంట ఫ్యాక్టరీలో దిగాడు పిచ్చుక. ముఠా లాయరమ్మ ఎదురొచ్చింది. అబ్బో, ఏం అందం! గార్డులు తుపాకులు కూడా మర్చిపోయి చూస్తున్నారు.

“ఇక్కడ దుమ్మెక్కువ,” అందావిడ.

“నాకు అలవాటే.”

కోడ్ కలిసింది. ముఠా జీతం తింటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్ ఈవిడే.

“మెషీన్లు నిజమైనవే. మీ దేశంలో పని పోయినవాళ్ళని ఏరుకొచ్చి నిలబెట్టారు. సరుకు మాత్రం ఓడలో వచ్చింది,” గొణిగిందావిడ. “తుప్పు పట్టకుండా పూసిన జిడ్డుని పైపైన తుడిచేస్తారు. లోపలి గాడి జోలికి పోరు, బద్ధకం. ఇక్కడ అప్పుడే సానబట్టిన బేరింగు రింగుకైతే ఆ జిడ్డెలా వస్తుంది?”

పిచ్చుక చివరి మెషీన్ దగ్గరికెళ్ళాడు. మెషీన్ ముందు బావ!

పెట్టుడు మీసం బావ దగ్గర ఏం పనిచేస్తుంది? ఆయన మొహం పాలిపోయింది.

“బామ్మర్దీ, వద్దురా,” పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు. “ఇవి నేనే చేశానని సంతకం పెట్టాను. జైల్లో తోస్తారురా. మీ అక్క ఏమైపోతుంది?”

బావ ఒక్క కేక వేస్తే చాలు, గార్డులు పిచ్చుకని అక్కడే కాల్చేస్తారు. బావ కేకెయ్యలేదు. తల దించుకున్నాడు.

అధికారి పెన్ను తీశాడు. కాగితం మీద పెట్టాడు కూడా.

“సార్, ఆగండి! ఆ రింగు లోపలి గాడిలో వేలు పెట్టి చూడండి,” అన్నాడు పిచ్చుక.

అధికారి వేలికి చిక్కగా, పచ్చగా జిడ్డు అంటుకుంది. గార్డులు తుపాకులు తీసేలోపే లాయరమ్మ చేతి గాజులో దాచిన మీట నొక్కేసింది. ఆ సైగ కోసం బయట కాచుకున్న ఆ దేశం పోలీసులు గేటు బద్దలు కొట్టుకుని లోపలికొచ్చారు. ముఠావాళ్ళతోపాటు బావనీ వ్యాన్ ఎక్కించారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది పిచ్చుకకి. ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది.

“శభాష్!” అన్నాడు చీఫ్. “సెలవిస్తున్నాను. హాయిగా ఇంటికెళ్ళు.”

“ఇంటికా సార్?” పిచ్చుక మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. “ఇంతకంటే ప్రమాదం తక్కువున్న మిషన్ ఏదన్నా ఉంటే చూడండి.”