వెంట్రుకవాసి పక్కన

రేవు చివరి రేడియో గది వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్లరు. లోపల ఆడమనిషి ఏడుస్తుంది. రోజూ ఏడింటికి, పావుగంటసేపు. కాపలావాడు మూడుసార్లు విన్నాడు, నాలుగోసారి వినకుండా సెలవు పెట్టేశాడు.

ఇది మా పిన్ని చెప్పగా విన్నదే. ఆ గదిలో కూర్చుని ముప్పై ఏళ్లు సముద్రంలోని వాళ్లతో మాట్లాడినవాడు మా మావయ్య, అంటే పిన్నికి అన్నయ్య. పెళ్లి చేసుకోలేదు. పోయి ఏడాదైంది. గదికి తాళం పడింది గానీ కరెంటు మాత్రం తీయలేదు. పడవలకి దారి చూపే, స్తంభం మీది ఎర్రదీపానికీ రేడియోకీ స్విచ్చు ఒకటే.

జనానికి ఇంకేం కావాలి? ఆయన ఎవర్నో మోసం చేశాడనీ, ఆవిడే వచ్చి ఏడుస్తోందనీ కథ అల్లేశారు. మనిషి పోయాక కూడా పరువు తీయడానికి ఎంత ఓపికో. పిన్ని కూరగాయలకి వెళ్లినా వెనకాల గుసగుసలే. అన్నయ్య అలాంటివాడు కాదని ఆవిడకి తెలుసు. తెలుసు గానీ... మరి ఆ ఏడుపు ఎవరిది?

రేపు గది కూల్చేస్తారనగా, పిన్ని తాళంచెవి తీసుకుని ఒక్కతే వెళ్లింది.

అంతా దుమ్ము. కుర్చీ వీపుకి అన్నయ్య స్వెట్టర్ అలాగే వేలాడుతోంది. ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుంది. ఏడైంది.

మొదలైంది — సన్నగా, ముక్కుతో, వెక్కి వెక్కి... ఒక్క మాటా అర్థం కాదు. పిన్ని తలుపు దాకా పరిగెత్తింది.

అక్కడ ఆగింది. ఏడుపు స్పీకర్లోంచి వస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇది సింగిల్ సైడ్‌బ్యాండ్ రేడియో. గొంతు మొత్తం గాల్లో రాదు, కొరవ భాగాన్ని ఇవతలి రేడియోనే సరిగ్గా కలుపుకోవాలి అనేవాడు అన్నయ్య. శ్రుతి వెంట్రుకవాసి పక్కకి జరిగినా మగగొంతు ఆడగొంతై, మాట ఏడుపులా వినిపిస్తుందట. ఏడాదిగా ఎవరూ ముట్టని రేడియోలో శ్రుతి జరగకుండా ఉంటుందా?

చిన్న నాబ్‌ని వేలికొసతో తిప్పింది. ఏడుపు దిగింది... ఇంకా దిగింది... ముసలాయన గొంతైంది.

"పెద్దాయనా... లైట్‌హౌస్ నుంచి. ఇవాళా గాలే. వింటున్నావా?"

సముద్రం మధ్య రాతిదిబ్బ మీద దీపం కాసే మనిషి. ఆడమనిషీ లేదు, దెయ్యమూ లేదు. అన్నయ్య మీద పడ్డ మచ్చ ఒక్క క్షణంలో తుడిచిపెట్టుకుపోయింది. కానీ ఏడాదిగా ఈ ముసలాయన తాళం వేసిన గదితో మాట్లాడుకుంటున్నాడన్నమాట.  పిన్ని మైకు నోటికి ఆనించుకుని గట్టిగా అరిచింది.

మాటేమీ అర్థం కావట్లేదన్నాడాయన.

అన్నయ్య కోప్పడేది దీనికే. అరిస్తే మాట చిరిగిపోతుంది. మైకు జానెడు దూరంలో పెట్టి, పక్కనున్న మనిషితో చెప్పినట్టు చెప్పాలి.

అలాగే చెప్పింది.

"నేను ఆయన చెల్లెల్ని. అన్నయ్య పోయి ఏడాదైందండీ."



"అదేమిటమ్మా," అన్నాడు ముసలాయన, మెల్లగా. "నిన్న కూడా మాట్లాడాడే... రేపు మా చెల్లెలొస్తుంది, కంగారులో అరుస్తుంది, కాస్త ఓపిగ్గా విను — అన్నాడు."