తల్లిచిలకల గది

హిందూపురం నుంచి పరిగి పోయే దోవలో తిమ్మరాజు గ్రైనేజ్ ఉండేది... పట్టుపురుగు గుడ్లు తయారుచేసే చోటు. దాని వెనక మైక్రోస్కోపు గదికి చెడ్డపేరు. గుడ్లు పెట్టిన తల్లిచిలకల్ని, అంటే పట్టుపురుగులే రెక్కలొచ్చి అయిన సీతాకోకచిలకల్ని, ఆడనే రోట్లో నూరి, రోగముందేమో మైక్రోస్కోపులో చూస్తారు. అన్ని ప్రాణాల ఉసురు ఊరికే పోతుందా అని, చీకటిపడితే ఎవరూ ఒంటరిగా పోయేవాళ్లు కాదు.

మా తస్లీమ్ వదిన ఆడ పనిచేసేది. ఆమె చెప్పిందే చెప్తాండా, నమ్మితే నమ్మండి.

2005 నాటి మాట. తిమ్మరాజు కొత్తగా కెమెరా, కంప్యూటరు పెట్టించినాడు. నూరినదాన్ని పైనుంచి కిందికి పొరలు పొరలుగా ఫొటోలు తీస్తే, చెదిరిన వెలుగెంతో లెక్కగట్టి తీసేసి, మసక బొమ్మను తేటగా చేస్తుందది.

ఆ పొద్దు కరెంటొచ్చేసరికి చీకటిపడింది. తెల్లారితే గుడ్లు రైతులకు పోవాల. రోగమని తేలితే అన్నీ కాల్చాల్సిందే, గ్రైనేజ్ మూతపడినట్టే. రోగముండీ తేలకుండా పోతే... ఊరూరా పురుగులు చస్తాయి.

వదిన ముందు మైక్రోస్కోపులో కంటితో చూసింది. ఏమీ లేదు. కంప్యూటరు బొమ్మ కట్టింది — తెర మీద కోలగా, మెరుస్తా చుక్కలు! తల్లి నుంచి గుడ్లకు అంటుకునే పెబ్రిన్ రోగం అచ్చం అట్లనే ఉంటాది.

ఇంకో చిలకది పెట్టింది. అవే చుక్కలు... అదే చోట. మూడోదీ అంతే. వదినకు ఒళ్లు జలదరించింది. నూరిన చిలకలే దెయ్యాలై వచ్చి కూర్చున్నాయేమో అనుకునిందంట.

తిమ్మరాజును పిలిచింది. ఆయప్ప తెరను చూడలా, ముందు వదిన మొగం చూసినాడు. ఎవరు చెప్పి చేయిస్తాండారని అడిగినాడు. తర్వాత కంప్యూటరు అమ్మినోడు మోసగాడన్నాడు. దెయ్యం మాటెత్తితే కసురుకున్నాడు.

వదినకు అప్పుడు తట్టింది.

"నూరినది పూసిన గాజుపలక తిప్పి మల్లా ఫొటో తీస్తాను, అన్నా. రోగం పలక మీదుంటే దాంతోపాటు తిరుగుతాది. కెమెరాలో దుమ్మయితే ఉన్నచోటే ఉంటాది."

తిప్పింది... తీసింది... ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూసినారు.

చుక్కలు కదల్లేదు. దుమ్మే! తిమ్మరాజు కుర్చీలో కూలబడి నవ్వినాడు. వదినకూ పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

అంతలో తెర మూలకు చూసింది. ఒక్క చుక్క... ఒక్కటంటే ఒక్కటి... ఎడమ నుంచి కుడికి వచ్చుండాది.

మల్లా తిప్పింది. మల్లా అదొక్కటే తిరిగింది. కంటితో చూస్తే ఆడ దట్టమైన మడ్డి తప్ప ఏమీ అగుపడలా. దుమ్ము గాదు... ఆ మడ్డి అడుగున ఉండాది రోగం.

తిమ్మరాజు లేచిపోయి తలుపేసొచ్చినాడు. వదిన చెవి దగ్గరికి వంగి, మెల్లగా అన్నాడంట —

"అది దెయ్యమేలేమ్మా... కంప్యూటరు ఆపెయ్."