బియ్యం డబ్బాలో ఫోను

అన్నానికి గ్లాసుతో బియ్యం తీస్తుంటే వసుధ వేళ్ళకి ఫోను తగిలింది. కూతురు మౌక్తిక దగ్గర్నుంచి లాక్కుని, స్విచ్చాఫ్ చేసి, పిల్ల ఇల్లంతా వెతికినా దొరక్కూడదని తనే అక్కడ కప్పెట్టింది. పిల్ల వెతకనే లేదు. మొదటి రోజు ఏడ్చింది, ఆ తర్వాత చప్పుడు లేదు. అడిగినదానికి జవాబు చెప్తుంది, పెట్టింది తింటుంది, పుస్తకం ముందు కూర్చుంటుంది. పదకొండో క్లాసు పిల్లల్లో ఇంత బుద్ధిమంతురాలు ఖిదిర్‌పూర్ క్వార్టర్సులో ఇంకొకతె ఉండదు.

"చూశావా? ఫోను పోయింది, రోగం కుదిరింది," అన్నాడు భర్త అనంతకృష్ణ ఆఫీసుకి బయల్దేరుతూ. ఆయన కింద చాలామంది పనిచేస్తారు. ఎవరూ నోరెత్తకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే ఆయన లెక్క.

వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు జ్ఞానప్రసూనమ్మ, కొడుకు మెట్లు దిగేదాకా ఆగింది. "ఏటి కుదిరింది? నిన్న పిల్ల నాకు తలదువ్వి జడేసింది. తను పాటలు వినే ఆ చెవుల మిషను నా ఒళ్ళో పెట్టేసి, 'నువ్వుంచుకో నానమ్మా, నాకింక అక్కర్లేదు' అంది. అప్పట్నుంచీ నాకు గుండె దడగా ఉందే, వసుధా."

"ఫోనే లేనప్పుడు అదెందుకు దానికి, అత్తయ్యా," అంది వసుధ. అంది గానీ, ఎన్ని గ్లాసులు పోసిందో మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచీ కొలిచింది.

ఆమెకి ఫోను లాక్కోకముందు ఓ సాయంత్రం గుర్తొచ్చింది. దీపం పెడుతుంటే మౌక్తిక వెనక నిలబడి, "అమ్మా, నాకు బతకాలని లేదు," అంది. వసుధ అగ్గిపుల్ల పారేసి పిల్ల నోటిమీద చెయ్యి పెట్టింది. "సంజెవేళ ఏం మాటలే అవి? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు." ఉప్పుతో దిష్టి తీసింది. ఎందుకన్నావని మాత్రం అడగలేదు. ఆ తర్వాత రోజూ పిల్ల కళ్ళు ఎర్రగా ఉంటుంటే, రాత్రంతా ఫోను చూడబట్టే ఈ పిచ్చి మాటలని మొగుడూ పెళ్ళాలు తేల్చేసుకుని ఫోను లాక్కున్నారు.

కుక్కర్ కూత వేస్తుండగా వసుధ ఫోను మోగింది. మౌక్తిక క్లాస్‌మేట్, బెంగాలీ పిల్ల ఐంద్రిల, నది అవతల హౌరా ట్యూషన్ నుంచి; వసుధని పిన్ని వరసలో కాకీమా అంటుంది.

"కాకీమా, మౌక్తికకి ఒంట్లో బాగాలేదా? ఇవాళ రాలేదు."

ట్యూషన్‌కని పిల్ల పొద్దున్నే బయల్దేరింది. వసుధ చేతి అలవాటుగా కూతురి నంబరు నొక్కింది. స్విచ్చాఫ్. ఎదురుగా బియ్యం డబ్బా ఉంది.

వెంటనే భర్తకి ఫోను చేసింది.

"కంగారు పడకు, ఏ స్నేహితురాలి ఇంట్లోనో ఉంటుంది..."

"దాని నోరు మూసింది నేను. ఫోను లాక్కోమన్నది మీరు. ఇప్పుడది ఎక్కడుందో ఎవర్ని అడగను, చెప్పండి?"

"నేను హౌరా వైపు వెళ్తాను," అన్నాడు.

పిల్ల రోజూ వెళ్ళే దారే పట్టింది వసుధ. బస్సులో బాబూఘాట్ రేవు దాకా ప్రతి కిటికీలోంచీ చూసింది. పిల్లదిలాంటి ఎర్ర సంచీ కనిపించినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది, అది వేరే పిల్లది. రేవులో హుగ్లీ నది మట్టిరంగు నీళ్ళు చూస్తుంటే ఆమెకి ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు.

హౌరా నుంచి లాంచీ వచ్చి ఆగింది. దిగేవాళ్ళంతా ఫోన్లు చూసుకుంటూ దిగిపోయారు. దిగకుండా ఒక్క పిల్ల కమ్మీ పక్కన కూర్చుని నీళ్ళకేసి చూస్తోంది, ఒళ్ళో ఎర్ర సంచీ.

వసుధ పరుగున ఎక్కి, పక్కన కూలబడి, ముందు పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దిగలేదేం తల్లీ?"

"పొద్దుట్నుంచీ ఇటూ అటూ తిరుగుతున్నా. అక్కడ దిగాలన్నా భయం, ఇంటికి రావాలన్నా భయం. మధ్యలో ఆ నీళ్ళు చూస్తుంటే..." మౌక్తిక ఠక్కున ఆగి, తన నోటిమీద తనే చెయ్యి పెట్టుకుంది.

ఆ పిల్లకి ఆ పని నేర్పింది వసుధే. మెల్లగా ఆ చేతిని కిందికి దించింది.

"అను. చచ్చిపోవాలనిపించిందా?"

"ఊఁ."

"చెప్పు. నేను వింటాను. ఏ దేవతలైనా రానీ, వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

లాంచీ కదిలింది. మౌక్తిక మొదట మాటలుగా, తర్వాత ఏడుపుగా చెప్పింది. "నువ్వు వినలేదని ఫోన్లో ఎవరెవరికో చెప్పాను. వాళ్ళూ నాలాంటి వాళ్ళే. అవే చదువుతూ ఉండిపోయేదాన్ని, ఆపలేకపోయేదాన్నమ్మా. చదివితే ఇంకా దిగులు. చదవకపోతే ఒక్కదాన్నే."

"ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్దాం. మనసు డాక్టరు. నాన్న కూడా వస్తారు."

"నానమ్మకి తెలిసిపోతుంది."

"అందరికంటే ముందు ఆవిడకే తెలిసిందే," అంది వసుధ, కన్నీళ్ళు తుడుచుకోకుండానే.

హౌరా రేవులో అనంతకృష్ణ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూడగానే ఆమె సంచీ తీసి తన భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చాక ఫోను బియ్యం డబ్బాలోంచి హాల్లో బల్లమీదికి చేరింది. పగలు మౌక్తిక దగ్గర, రాత్రి అందరి ఫోన్లతో పాటు ఆ బల్లమీద అని డాక్టరు చెప్పింది. వసుధ దీపం ముందు కూర్చుని, అగ్గిపుల్ల గీయకముందే వెనక్కి తిరిగింది.

"ఇప్పుడెలా ఉందే?"

మౌక్తిక గుమ్మంలోనే ఆగింది. "సంజెవేళమ్మా."

"అందుకే అడుగుతున్నా. ఎలా ఉంది?"

"ఇంకా భయంగానే ఉంది."

"నాకూ భయంగానే ఉంది," అని వసుధ పక్కకి జరిగి చోటిచ్చింది. "రా, ఇలా కూర్చుని చెప్పు."