ఖాళీ గిన్నెలు మోగాలి

కొత్తగా చేరిన డైటీషియన్ క్యాబేజీ కూరను తన తెల్లకోటు జేబులో దాచుకోవడం మాస్టరమ్మ కళ్లారా చూసింది.

మాస్టరమ్మ అంటే ఆ పెద్దాసుపత్రి వంటింటికి పెద్దదిక్కు. వయసు ఇరవై ఆరే. అక్కడే వంట మాస్టరుగా చేసిన నాన్న పోయాక ఆయన గరిటె ఆమె చేతికొచ్చింది, గరిటెతోపాటు ఆ పేరూ వచ్చింది. వంటింటికీ స్టాఫ్ భోజనాల గదికీ మధ్య వడ్డించే కిటికీ ఒకటుంది. దానిలోంచి ఆమె చూస్తుండగానే ఆయనగారు అటూ ఇటూ చూసి, కూరను కాగితం నాప్‌కిన్‌లోకి తోసి, పొట్లం కట్టి జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు రొట్టె నములుతూ కూర్చున్నాడు. పొద్దున్నే ఇదే మనిషి ఇదే గదిలో అందరినీ కూర్చోబెట్టి, కూరగాయల గొప్పదనం మీద లెక్చర్ దంచాడు. నీతులన్నీ ఎదుటివాళ్లకేనన్నమాట.

ఆమె చేతులు తుడుచుకుంటూ అతని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"కూరెలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉందండీ."

"అవును, మీ జేబుక్కూడా బాగా నచ్చినట్టుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి చెప్పాడు.

"ప్లీజ్, ఎవరికీ చెప్పకండి. నాకు కూరగాయలు దిగవు. బంగాళదుంప తప్ప."

"మరి ఈ చదువెందుకు చదివారు?"

"తినకుండానే వాటి లాభం పొందే దారేదైనా దొరుకుతుందేమోనని."

"దొరికిందా?"

"లేదు. ఆ సంగతి తెలిసేలోపు డిగ్రీ వచ్చేసింది."

కోప్పడదామనే వచ్చింది పాపం. నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగి వంటింట్లోకి పారిపోయింది. సాయంత్రానికల్లా అతని పేరు వంటింట్లో జేబు సారుగా స్థిరపడిపోయింది. ఎవరికీ చెప్పలేదంటుంది ఆమె. వంటలో తనకి సాయంగా ఉండే బాబాయికి ఒక్కడికే చెప్పానంటుంది. ఆయనకి చెప్తే ఇక ఊరికి చెప్పినట్టే.

నిజానికి ఆమెకు నవ్వే రోజులు కావవి. వార్డులకి వెళ్లిన కూర వెళ్లినట్టే తిరిగొస్తోంది. ఎముకల వార్డులో కిటికీ పక్క మంచం మీద కాలు విరిగిన రిటైర్డ్ డ్రిల్ మాస్టారొకాయన ఉన్నాడు. ఆయన గిన్నె పక్కకి నెడితే వార్డు మొత్తం నెట్టేస్తుంది. రోగులు తినకపోతే గాయాలు మానేదెలా అని, వంట పనిని బయటి కాంట్రాక్టర్‌కి ఇచ్చేద్దామని పైన మాటలు నడుస్తున్నాయి. అదే జరిగితే బాబాయి, అంట్లు తోమే అక్కలు, కూరలు తరిగే మామ, అందరూ వీధిన పడతారు. నాన్న నిలబెట్టిన పొయ్యి తన చేతిలో ఆరిపోతుందని ఆమెకు నిద్ర పట్టడం లేదు.

"నిండు కుండ తొణకదంటారు," అనేవాడు బాబాయి, వార్డులకి భోజనాలు మోసుకెళ్లి నడవాలోంచి తిరిగొచ్చే బండిని చూస్తూ. "మన వంటింట్లో మాత్రం నిండు గిన్నె తిరిగొస్తే పరువు పోయినట్టు. ఖాళీ గిన్నెలు మోగుతూ రావాలి."

బండి మాత్రం కిక్కురుమనకుండా వచ్చేది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె జేబు సారుని పట్టుకుంది.

"మీ నాలుకతో నాకు పనుంది."

"నా నాలుకతోనా? అది కూరగాయల్ని చూస్తేనే దాక్కుంటుందండీ."

"అందుకే. నోటికేదీ సయించని రోగులకి వండుతున్నాను. నా నాలుకేమో అన్నీ బాగున్నాయంటుంది. బాబాయి నాలుకకి కాదనడమే రాదు. మీరు మింగగలిగితే వార్డంతా మింగుతుంది. కాకపోతే ఒకటే షరతు. నిన్నటిలా బ్రహ్మాండం అనకూడదు. ఉన్నదున్నట్టు చెప్పాలి."

"మరి నాకేంటి లాభం?"

"మీరు నా వంటింట్లో ఒక కూరగాయని మారు అడిగిన రోజున, ఏం కోరితే అది ఇస్తాను."

ఇవ్వాల్సిన అవసరం రాదన్న ధీమాతోనే అంది.

అలా మొదలైంది. మధ్యాహ్నం వడ్డనలయ్యాక, సాయంత్రం పొయ్యి వెలిగించేలోపు, వంటింటి వెనక గుమ్మంలో ఇద్దరూ రెండు స్టూళ్లు వేసుకుని కూర్చునేవారు. ప్రపంచంలో ఎవరు ఏ కూరగాయని ఎలా తింటారో అతనికి కంఠతా వచ్చు. తినడమే రాదు.

"క్యాబేజీని గంటసేపు ఉడికిస్తే గంధకం వాసన వస్తుందండీ. కొరియా వాళ్లు దాన్ని ఊరబెట్టి పుల్లగా తింటారు. ఇథియోపియాలో క్యారెట్, పసుపు వేసి సన్నసెగ మీద మగ్గిస్తారు."

"మీరు ఇథియోపియా వెళ్లారా?"

"పేజీలు తిప్పుతూ వెళ్లాను."

ఆమె మగ్గించింది. అతను ముక్కు మూసుకుని నోట్లో పెట్టుకుని, తర్వాత ముక్కు వదిలేశాడు.

"దిగింది," అన్నాడు ఆశ్చర్యంగా. "బాగుందని కాదు. దిగింది."

లెబనాన్‌లో వంకాయని నిప్పుల మీద కాల్చి, నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపి మెదుపుతారని చెప్పాడు. ఆమె కాల్చింది. "వెల్లుల్లి తగ్గించాలి," అన్నాడు. తగ్గించింది. వాన పడుతుంటే చూరు నీళ్లు వాళ్ల కాళ్ల మీద చిమ్మేవి. అతను స్టూలు వెనక్కి జరుపుకునేవాడు, ఆమె స్టూలు కూడా జరిపేవాడు. జరిపిన ప్రతిసారీ రెండు స్టూళ్ల మధ్య దూరం కాస్త తగ్గుతోందని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వార్డుల్లో గిన్నెలు సగానికి ఖాళీ అవుతున్నాయి. బండి సన్నగా గలగలమంటోంది. తన సంతోషంలో సగం ఆ బండిదే. మిగతా సగం ఎవరిదో ఆమెకు బాగానే తెలుసు.

అప్పుడు వచ్చి పడింది బీట్‌రూట్.

బీట్‌రూట్‌ని చల్లటి సూప్‌లా తాగే దేశాలున్నాయని చెప్పింది అతనే. ఆమె పొద్దుట్నుంచీ దానితోనే కుస్తీ పట్టింది. మణికట్టు కాల్చుకుంది. చేతులు ఎర్రగా, జుట్టు నుదుటికి అతుక్కుపోయి, కళ్లనిండా ఆశ పెట్టుకుని చెంచా అందించింది. అతను చెంచా వైపు చూశాడు, కాలిన మణికట్టు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కళ్లు మూసుకుని మింగాడు. రుచికి మైమరిచిపోయాడనుకుంది, పిచ్చిది.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది."

మర్నాడు అన్ని వార్డులకీ అదే వెళ్లింది. అన్ని వార్డుల నుంచీ అదే తిరిగొచ్చింది. నిండు గిన్నెలతో బండి గుమ్మంలో ఒరిగి, ఎర్రటి సూప్ నేలంతా పారింది. సరిగ్గా అప్పుడే అక్కడికొచ్చిన ఆసుపత్రి సూపరింటెండెంట్ పెద్ద డాక్టరమ్మ తన చెప్పుల వైపు చూసుకుంది.

"నాకు మీ మీద కోపం లేదమ్మా," అందామె. "నా పేషెంట్లు తినాలి, అంతే. శనివారం నేనే వచ్చి చూస్తాను. గిన్నెలు ఇలాగే తిరిగొస్తే సోమవారం నుంచి కాంట్రాక్టర్ వస్తాడు."

ఆవిడ వెళ్లాక మాస్టరమ్మ గిన్నెలోంచి ఒక చెంచా తీసుకుని, మొదటిసారి పరాయి నోటితో తిన్నట్టు తిని చూసింది. మట్టి వాసన. చప్పుడు విని వచ్చి గుమ్మంలో నిలబడ్డ జేబు సారు వైపు తిరిగింది.

"ఇది మీకు నిజంగా నచ్చిందా?"

అతను తల దించుకున్నాడు. "లేదు."

"మరెందుకలా చెప్పారు?"

"మీ మొహం చూస్తే బాగాలేదనే మాట నోటికి రాలేదు."

"నేను మిమ్మల్ని చూడమన్నది నా మొహం కాదు, కూర. వార్డులో వాళ్లు నా మొహం చూస్తూ తినరు కదండీ." ఆమె చెంచాను గిన్నెలో పడేసింది. "అందరూ బాగుందనేవాళ్లే. బాగాలేదని చెప్పే నోరు ఒక్కటి దొరికిందని ఎంత సంబరపడ్డానో. ఆ ఒక్కటీ పోయింది."

ఆ రోజు నుంచీ వెనక గుమ్మంలో ఒకటే స్టూలు.

శనివారం వచ్చింది. ఆమె గుమ్మడికాయను ఓవెన్‌లో కాల్చి, మెదిపి చిక్కటి సూప్ చేసింది. బాబాయి రుచి చూసి అమృతమన్నాడు. ఆయన బీట్‌రూట్‌నీ అమృతమనే అన్నాడు. పెద్ద డాక్టరమ్మ వచ్చి బండి పక్కన నిలబడింది. సరిగ్గా అప్పుడు వడ్డించే కిటికీలో జేబు సారు మొహం కనిపించింది.

"పిలవలేదని తెలుసు. ఒక్క చెంచా ఇవ్వండి."

ఇవ్వకూడదనుకుంది. చెయ్యి దాని ఇష్టప్రకారం అది ఇచ్చేసింది.

ఈసారి కళ్లు తెరిచే తిన్నాడు, ఆమె కళ్లలోకి సూటిగా చూస్తూ.

"బాగాలేదు," అన్నాడు.

బాబాయి చేతిలో మూత నేల మీద పడి గింగిరాలు తిరిగింది. పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"తీపి ఒక్కటే తగులుతోంది," అన్నాడు అతను. "మందులు మింగిన నోటికి వెగటేస్తుంది. పులుపు కావాలి. పంటికింద నలగడానికి ఏదో ఒకటి కావాలి. అదేంటో నాకు తెలీదు. మీకు తెలుస్తుంది."

ఒళ్లు మండిపోయింది ఆమెకి. ఆ మంటలోనే ఇంకోటి కూడా తెలిసింది. ఈ మనిషి ఆమె దృష్టిలో మంచివాడు అనిపించుకోవడం మానేసి, ఆమె పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, మీ డబ్బా ఇటివ్వండి."

"ఏ డబ్బా?" అన్నాడు బాబాయి అమాయకంగా.

"నాకు తెలీకుండా నవుల్తుంటారే, అది."

బాబాయి బిక్కమొహంతో అల్మారా వెనకనుంచి డబ్బా తీశాడు. ఎండబెట్టిన గుమ్మడి గింజలు. ఆమె వాటిని మూకుట్లో దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచింది. సూప్‌లో నిమ్మకాయలు పిండింది, మిరియాలు చల్లింది. పైన గింజలు వేసి గిన్నెడు తీసి, కిటికీలోంచి ముందుకు తోసింది.

అతను ఒక చెంచా తిన్నాడు. ఇంకో చెంచా తిన్నాడు. అడుగు గోకాడు. తర్వాత గిన్నె ఆమె ముందు పెట్టాడు.

"కొంచెం మారు వడ్డిస్తారా?"

వంటిల్లంతా చేతిలో పని ఆపేసింది.

"నిజంగానా," అందామె, "నా మొహం చూసి అంటున్నారా?"

"ఇందాక అందరి ముందూ బాగాలేదన్న నోరే ఇది."

బండి బయల్దేరింది. పెద్ద డాక్టరమ్మ దాని వెనకే వెళ్లింది. మాస్టరమ్మ గుమ్మానికి ఆనుకుని చెవులు రిక్కించి నిలబడింది. కాసేపు ఏ అలికిడీ లేదు. ఆ తర్వాత ఎముకల వార్డులోంచి, మైదానం ఆ చివరికి వినిపించేంత గొంతు లేచింది.

"ఏమయ్యా, గరిటె ఇంత చిన్నదేంటి? ఇంకోసారి పొయ్యి."

డ్రిల్ మాస్టారు. ఆయన వెనకే వరసగా మిగతా గొంతులు. ఆ వెంటనే నడవా చివరి నుంచి మొదలైంది చప్పుడు. గిన్నె మీద గిన్నె, చెంచా మీద చెంచా, గలగలా టంగుటంగున, ఆసుపత్రి నిద్రంతా వదిలేలా బండి మోగుతూ వచ్చింది. బాబాయి భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, పొగ వల్ల అన్నాడు. పొయ్యి ఆర్పేసి చాలాసేపయింది.

"సోమవారం కాంట్రాక్టర్‌ని రావద్దంటాను," అంది పెద్ద డాక్టరమ్మ. ఆమె చేతిలోని గిన్నె కూడా ఖాళీనే.

అందరూ సంబరాల్లో ఉండగా అతను రెండో స్టూలు వెతికి తెచ్చి వెనక గుమ్మంలో వేశాడు.

"మారు అడిగాను. కోరుకోవచ్చా?"

"మాటిచ్చాను కదా. కోరుకోండి."

"ఉద్యోగం కావాలి. మీరు వండింది బాగాలేకపోతే బాగాలేదని చెప్పే ఉద్యోగం. జీతం వద్దు, రిటైర్మెంట్ అసలే వద్దు. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఈ మాట మాత్రం నీ మొహం చూసే చెప్తున్నాను."

ఆమె నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని దాచుకోలేదు.

"రోజూ బాగాలేదంటే ఊరుకోను."

"రోజూ అననులే."

"అయితే రేపట్నుంచే చేరిపో. నాకూ నువ్వే కావాలి."

అతను వెంటనే ఫోన్ తీసి వాళ్లమ్మకి చెప్పాడు. గుమ్మడికాయ సంగతి ముందు చెప్పాడు, అమ్మాయి సంగతి తర్వాత. "ఫోన్ ఆ అమ్మాయికివ్వు," అని అవతలినుంచి వినిపించింది.

"అమ్మా," అందావిడ, "వాడు నిజంగా తిన్నాడా? చిన్నప్పట్నుంచీ వాడిది ఒకటే దొంగబుద్ధి. ఒకసారి జేబులు చూడు తల్లీ."

మాస్టరమ్మ అతని తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టింది. గుప్పెడు వేయించిన గుమ్మడి గింజలు బయటికొచ్చాయి.

"అవి పారెయ్యడానికి కాదు," అన్నాడు అతను, చెవులు ఎర్రబడుతుండగా. "రాత్రికి తినడానికి."

"తిన్నాడత్తయ్యా," అందామె ఫోన్లో. "ఇంటిక్కూడా పట్టుకెళ్తున్నాడు."

"అత్తయ్యా అన్నావు కదూ," అందావిడ. "ఇంక నేను చెప్పేదేముంది? ఆదివారం వస్తున్నాను. నాక్కూడా ఒక గిన్నె ఉంచు."