అరగంట ఆగి తినాలి

పొద్దున ఎనిమిది దాటింది. హోటల్ టిఫిన్ల హాల్లో గుడ్డట్టు పళ్ళెంలోనే చల్లారిపోతోంది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆరేళ్ల పిల్ల, ఫోర్కు పట్టుకుని దాని వంకే చూస్తోంది.

"ఇంకెంతసేపు అమ్మమ్మా?"

"పదకొండు నిమిషాలు," అంది అమ్మమ్మ వాచీ చూసి.

ఆవిడ ముప్పయ్యేళ్లు పిల్లల హాస్టల్లో వంట చేసింది. వండినది ముందు తను తిని, అరగంట ఆగి, తనకేమీ కాకపోతేనే పిల్లలకు వడ్డించాలని అక్కడ నియమం. ఆవిడ రిటైరైంది గానీ నియమం రిటైర్ కాలేదు. సెలవు గడుపుదామని పరాయి దేశం వచ్చిన ఈ మూడు రోజుల్లో ఎవరూ ఒక్క పూట వేడిగా తిన్న పాపాన పోలేదు.

ఆవిడ కూతురు, అంటే పిచ్చుక వాళ్ళమ్మ, పాల డెయిరీ ల్యాబులో పరీక్షలు చేస్తుంది. మూడు రోజులుగా పంటిబిగువున ఓర్చుకుంటోంది.

"అమ్మా, హాస్టల్లో గుండిగ పొయ్యి మీదే ఉండేది. అరగంటైనా పొగలు కక్కేది. ఇక్కడ గోరువెచ్చగా పెట్టుకుని కూర్చుంటే క్రిముల్ని పిలిచి పీట వేసినట్టే."

"నీ గాజు గొట్టాల చదువు నాకు చెప్పకు. నా చేతి వంట తిని ఒక్క పిల్లకి కడుపునొప్పి రాలేదు."

అల్లుడు ఏదో అనబోయి, భార్య చూపు తగిలి టీ కప్పులో తల దూర్చాడు.

"మరి నిన్న?" కూతురు వదల్లేదు. "బజారు నడిమధ్య పిచ్చుక చేతిలోంచి పళ్ళముక్కల కప్పు లాక్కుని, నాలుగు నువ్వు తిని, మిగతాది చెత్తబుట్టలో పడేశావు. అది గుక్కపట్టి ఏడ్చింది. ఊరంతా చూసింది."

"ముక్కలు ఐసునీళ్లలో తేలుతున్నాయి. ఆ ఐసు ఏ నీళ్లదో."

"తెలిసీ నువ్వెందుకు తిన్నావు?"

తల్లి మళ్ళీ వాచీ చూసుకుంది.

"ఏడాదంతా సెలవులు కూడబెట్టుకుని వచ్చాం. ఇది సెలవులా లేదమ్మా, తనిఖీలా ఉంది. రేపట్నుంచి నీ బల్ల నీది, మా బల్ల మాది."

తల్లి కుర్చీ పట్టుకుని లేచి, మెల్లగా గదివైపు వెళ్ళిపోయింది.

పిచ్చుక గొంతు తగ్గించింది. "మళ్ళీ బాత్రూంకే. పొద్దున్నుంచి ఐదోసారి. నీకు చెప్పొద్దంది."

కూతురు పరుగున వెళ్ళేసరికి తల్లి బాత్రూం గడప దగ్గర గోడకి ఆనుకుని కూలబడి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

"నోరు విప్పి చెప్పొద్దూ?"

"చెబితే సెలవు పాడుచేశానంటావు."

అవును, అనేదే, అనుకుంది కూతురు.

"ఆ పళ్ళముక్కలు ఊరికే పారేస్తే పిల్ల నన్ను రాక్షసి అనుకోదూ? బాగుంటే దానికిద్దామనే చూశా. రుచి తేడాగా ఉంది, పారేశా. పడితే నేనొక్కదాన్నే పడతాను. హాస్టల్లో ముందు నేను తినేదీ అందుకే కదే."

కూతురు అక్కడే చతికిలబడింది. ల్యాబులో మంచీ చెడూ తేల్చే ఆ పని గాజు గొట్టం చేస్తుంది. హాస్టల్లో ముప్పయ్యేళ్లు అమ్మ కడుపు చేసింది. ఆ నియమం గురించి ఎన్నోసార్లు నవ్వుకుంది గానీ, ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

"నీ కడుపేమైనా పరీక్ష గొట్టమా?" కోపంగానే అడిగింది. కళ్ళు మాత్రం మాట వినలేదు. "విను. ఇకనించి పొయ్యి మీంచి దిగింది దిగినట్టే అందరం ఒకేసారి తిందాం. ఐసు వద్దు, కోసి అమ్మే పళ్ళు వద్దు. అరటిపండు మనమే ఒలుచుకుందాం."

"మరి ముందు రుచి చూసేది?"

"ఎవరూ చూడరు."

వెనకాలే వచ్చిన అల్లుడు డాక్టరుకి ఫోన్ చేస్తున్నాడు. కూతురు సీలు తీయని నీళ్ల సీసా తెరిచి, గ్లాసులో ఓఆర్ఎస్ పొట్లం కలిపింది. తల్లికి అందించబోతూ, తనకు తెలియకుండానే ముందు ఒక గుటక తాగింది.

తల్లి ఎండిన పెదాలతో నవ్వింది. "ఇప్పుడు నువ్వు చేసిందేమిటి? అరగంట ఆగనా?"

"మాట్లాడకుండా తాగమ్మా."

ఆఖరి గుటక దాకా గ్లాసు కూతురే పట్టుకుంది.